యానాంలో ఎర్రటోపీల కవాతు

యానాం అనగానే మన గోదావరి జిల్లాల పెద్దలకు రెండు సంగతులు జ్ఞాపకం వచ్చేవి. ఒకటి మంగళవారం సంత, రెండవది పెళ్ళిళ్ళు. సంతలో పైదేశపు సరకు సుంకం లేకుండా చవకగా దొరికేది. ఇక పెళ్ళిళ్ళ సంగతి. ఇంగ్లీషువారి రాజ్యంలో 1929లో శారదా చట్టం వచ్చిన తరువాత, చిన్నపిల్లలకు పెళ్ళి చేయదలచిన వారు పెట్టెబేడా సర్దుకొని యానాం చేరి, ఆ చట్టం వర్తించని గడ్డ మీద మూడుముళ్ళు వేయించి, నిబ్బరంగా వెనుకకు పోయేవారు. కల్యాణపురమనే పేరు కూడ ఆ ఊరికి వచ్చింది. ఫ్రెంచివారి స్వేచ్ఛ మనవాళ్ళకు అక్కరకు వచ్చినది ఈ రెండు పనులకేనని ఎవరైనా ఎత్తిపొడిస్తే కాదనడం కష్టమే.

మూడవ సంగతి ఒకటి ఉన్నది. దానిని ఎవరూ అంతగా చెప్పుకోరు. ఒక విప్లవానికి ఏటేటా వార్షికోత్సవం, జెండా ఎత్తి, వందనం స్వీకరించి, దొరతనంవారే స్వయంగా జరిపించిన తెలుగు ఊరు ఇది. ఆ విప్లవం మనది కాదు. 1789 జూలై 14న పారిసు నగర ప్రజలు బాస్టిలు కోటను పట్టుకొన్నందుకు చేసే పండుగ అది. విప్లవం వారిది, పండుగ వారిది, ఎండలో నిలబడి చూచినవారు మాత్రం మనవారు. ఈ చిత్రం మనసులో పెట్టుకొనే మేము యానాం వెళ్ళాము. అయితే వెళ్ళినది జూలైలో కాదు, నవంబరులో. ఆ కారణం ముందు తెలుస్తుంది.

మేము నలుగురము ముందురోజు రాత్రికే కాకినాడ చేరి, తెల్లవారుజామున యానాం బస్సెక్కాము. ముప్పై కిలోమీటర్లకు మించని ప్రయాణం. కోరంగి, తాళ్ళరేవు దాటేసరికి గాలిలో ఉప్పు తెలుస్తుంది. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్దరేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని ముంచివేసింది, యానాంను కూడ వదలలేదు. తరువాత ఇంజరం, దాని చెంత నీలపల్లి. ఈ రెండుచోట్లా ఇంగ్లీషు కంపెనీవారి బట్టల కోఠీలు ఉండేవి. ఆ పక్కనే యానాంలో ఫ్రెంచివారి కోఠీ. వీరు 1723లో వచ్చి, 1727లో మూటకట్టుకొని పోయి, 1731లో మళ్ళీ వచ్చారు. సాలెవారు ఒకరే, బట్ట ఒకటే, నది ఒకటే. కొనేవారు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూడనివారు. ఐరోపాలో వారిద్దరికీ యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువారు నాలుగు అడుగులు నడచివచ్చి యానాంను పట్టుకొనేవారు. సంధి కాగానే తిరిగి ఇచ్చేవారు. ఇరుగుపొరుగువారు జల్లెడ అడిగి పుచ్చుకొన్నట్లుగా ఉంటుంది ఆ చరిత్ర.

ఉదయం ఎనిమిది గంటలకల్లా మైదానం చేరాము. యానాం పుదుచ్చేరి ప్రభుత్వం కిందిది గదా. పుదుచ్చేరి అక్కడికి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడి దూరాన ఉన్నది. నవంబరు 1 ఆ ప్రభుత్వానికి విమోచన దినం. 1954లో ఆ తేదీన ఫ్రెంచివారు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలనను భారత ప్రభుత్వానికి అప్పగించారు. కవాతు వరుసలు తీరి ఉన్నది. పోలీసులు, వెనుక ఎన్.సి.సి. పిల్లలు, ఆ వెనుక బడిపిల్లలు. మూడురంగుల రిబ్బన్లు జడలకు కట్టుకొన్న ఆడపిల్లలు తోపులాడుకొంటున్నారు. వారి పంతులమ్మగారు కళ్ళతోనే అదలిస్తున్నారు. ప్రాంతీయ పరిపాలనాధికారిగారు జెండా ఎత్తారు, వందనం స్వీకరించారు. బూట్ల చప్పుడు ఒక్కటిగా పడింది.

మాలో ఒకరు నెమ్మదిగా అన్నారు: "ఆ టోపీలు చూచారా?"

చూచాము. పోలీసుల నెత్తిన ఎర్రటోపీలు. గుండ్రంగా, పైన చదునుగా, ముందుకు కొద్దిగా చూరు దించినట్లుండే టోపీ. ఏటిగట్టు దాటి ఇవతలికి వస్తే ఆంధ్ర పోలీసుకు ఆ టోపీ లేదు. ఫ్రెంచి సైనికులూ పోలీసులూ పెట్టుకొనే కెపి అనే టోపీకి అది వారసురాలు. ఫ్రెంచివారు వెళ్ళిపోయినందుకు చేసే పండుగనాడు, ఫ్రెంచివారి టోపీ పెట్టుకొని, తెలుగు పోలీసులు భారత జెండాకు వందనం చేస్తున్నారు! దీనిని చూచి నవ్వినవారు తొందరపడ్డారని మా అభిప్రాయం. ఇంటిని కొన్నవాడు పాత యజమాని నాటిన మామిడిచెట్టును కొట్టివేయడు గదా.

ఇక జూలై 14 మాట. ఈ పండుగ పుట్టుకలోనే ఒక తిరకాసు ఉన్నది. బాస్టిలు పడిన నాడు ఆ కారాగారంలో ఉన్న ఖైదీలు ఏడుగురే. అది రాజు అధికారానికి గుర్తు కనుక పడగొట్టారు. మరుసటి సంవత్సరం, 1790లో, అదే తేదీన పారిసులో రాజూ ప్రజలూ కలిసి, జోరున వానలో, పెద్ద ఐకమత్య సభ చేశారు. తొంభై ఏళ్ళ తరువాత, 1880లో, జూలై 14ను జాతీయ దినంగా చట్టం చేసినప్పుడు రక్తం చిందిన 1789నా, కౌగలించుకొన్న 1790నా తలచుకొనేది అన్నది చట్టంలో వ్రాయకుండా వదిలారు. గడుసువారు. భయపడేవారు ఐకమత్యమనుకోవచ్చు, ఉత్సాహవంతులు విప్లవమనుకోవచ్చు.

ఆ ఏడే లాంగ్‌షాంపు మైదానంలో అధ్యక్షుడు జూల్ గ్రేవీ సైనిక దళాలకు కొత్త పతాకాలు పంచి ఇచ్చాడు. పదేళ్ళ క్రితం జర్మనులచేత చావుదెబ్బ తిన్న సైన్యం మళ్ళీ లేచి నిలిచినదని ప్రపంచానికి చూపడం అందులోని అసలు ఉద్దేశం. విప్లవం జరిపినవారు సామాన్య జనం; వార్షికోత్సవం వచ్చేసరికి ముందు నడిచినది సైన్యం. ఇది ఒక్క ఫ్రాన్సులోనే కాదు, అన్నిచోట్లా జరిగినదే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత 1919 జూలై 14 కవాతులో మాత్రం అందరికన్న ముందు కాళ్ళూ చేతులూ పోగొట్టుకొన్న వెయ్యిమంది సైనికులను నడిపించారు. కుంటుతూ కొందరు, బండ్లలో కొందరు. ఆ ఒక్క కవాతుకు మేము కూడ చేతులు జోడిస్తాము.

యానాం కూడ 1880లోనే, మార్చి నెల ఉత్తరువుతో, మేయరూ మునిసిపల్ సభా గల పట్టణమయింది. అంటే యానాం మేయరూ, జూలై 14 పండుగా ఒక ఈడువారు. అయితే అక్కడ జరిగిన సైనిక వందనమంటే పాఠకులు ఫిరంగులూ గుర్రపు దళాలూ ఊహించుకోరాదు. నెపోలియను ఓడిన తరువాత 1814లో పారిసులో జరిగిన సంధిలో ఇంగ్లీషువారు ఒక షరతు వ్రాయించుకొన్నారు. ఇండియాలో తిరిగి ఇచ్చిన స్థలాలలో ఫ్రెంచివారు కోటలు కట్టరాదు. శాంతిభద్రతలకు అవసరమైనంతకు మించి సైనికులను ఉంచరాదు. కాబట్టి పారిసులో పటాలాలు నడచిన రోజున యానాంలో నడవగలిగినది గుప్పెడుమంది పోలీసు సిపాయిలే. ప్రపంచాన్ని గడగడలాడించిన విప్లవానికి ఇంత చిన్న కవాతు మరెక్కడా జరిగి ఉండదని మాకు తోస్తుంది.

పెద్ద విప్లవం జరుగుతున్న రోజులలో యానాం పరిపాలకుడు ఎవరనుకొన్నారు? పియేర్ సొనెరా. మొక్కలూ పక్షులూ వెదకుతూ దేశాలు తిరిగి, 1782లో ఇండియా, చైనాల యాత్రను గురించి గ్రంథం ప్రకటించిన శాస్త్రజ్ఞుడు. మన అడవులలో తిరిగే బూడిదరంగు అడవికోడికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఈయన పేరే ఉన్నది. బాస్టిలు పడిన కబురు ఓడమీద బయలుదేరి పుదుచ్చేరికి చేరేసరికి 1790 ఫిబ్రవరి వచ్చింది. యానాంలో ఉన్న కొద్దిమంది ఫ్రెంచివారు కూడ మేమూ పౌరులమే, మాకూ సభ కావాలి అని సొనెరా మీద లేచారు. కోళ్ళను గురించి వ్రాసుకొనేవాడికి ఈ తగవులు ఎంత తలనొప్పి అయినవో! 1793లో ఇంగ్లీషువారు మళ్ళీ నడచివచ్చి ఊరిని పట్టుకోవడంతో ఆ విప్లవానికీ ఆ తగవుకూ ఒక్కసారే తెరపడింది.

ఆ సభలలో సాలెవారికీ పడవవారికీ చోటు లేదు. అప్పటి ఫ్రెంచి ఓడలు ఈ కోరమండల తీరం నుండి మనుషులను కూడ కొనుక్కొని మారిషసు, బూర్బను దీవులకు తీసుకొనిపోతుండేవి. 1794లో విప్లవ సభ బానిసత్వాన్ని రద్దుచేస్తే ఆ దీవుల తోటదొరలు ఒప్పుకోలేదు. 1802లో నెపోలియను దానిని తిరిగి నిలబెట్టాడు. 1848లోగాని పూర్తిగా పోలేదు. ఈ మధ్యలోనే, 1828లో, ఒప్పందపు కూలీలుగా పదిహేనుమంది తెలుగువారు యానాం నుండి ఓడెక్కి బూర్బను దీవికి పోయారు. నేడు దానినే రియూనియను అంటున్నారు. మన సంఘంవారు దేశాంతరాలలో తెలుగువారిని గురించి మాట్లాడేటప్పుడు ఈ పదిహేనుమందిని తలచుకోవాలని మా కోరిక.

స్వేచ్ఛ మాట అట్లుండగా, సమత మాట కూడ చూడవలసి ఉన్నది. ఫ్రెంచి గణరాజ్యం తన ఇండియా ప్రజలకు ఓటు ఇచ్చింది. ఇంగ్లీషు ఇండియాలో ఆ ఊసైనా లేనప్పుడు యానాం మగవాడు ఓటువేశాడు. ఇది చిన్న సంగతి కాదు, మెచ్చుకోవలసినదే. కాని 1884లో ఓటర్లను మూడు జాబితాలుగా విడదీశారు. ఐరోపావారు ఒకటి, తమ కుల మతాచారపు చట్టాలను వదలి ఫ్రెంచి చట్టం పుచ్చుకొన్నవారు ఒకటి, మిగతా జనమంతా ఒకటి. పిడికెడుమంది గల జాబితాకూ, వేలమంది గల జాబితాకూ సమానంగా స్థానాలు. 1899లో మూడింటిని రెండు చేశారు. సమత అనే మాట కచేరీ కాగితాల పైనే అచ్చువేసి ఉండేది. లెక్క మాత్రం కిందికి వచ్చేసరికి మారిపోయేది.

కవాతు ముగిసిన తరువాత, ఏటిగట్టున ఒక అరుగు మీద కూర్చున్న వృద్ధునితో మాటలు కలిపాము. ఎనభై దాటిన వయసు. బడిపిల్లల చేతుల్లోని మిఠాయి పొట్లాలు చూచి ఆయనే మొదలుపెట్టారు.

"మాకూ పెట్టేవారండి మిఠాయి. ఫ్రెంచోళ్ళ పండక్కి."

"జూలై పద్నాలుగుకా తాతగారూ?"

"ఆయ్. బడికి సెలవండి. కాయితం జెండా చేతిలో పెట్టి నిలబెట్టేవారు. గోదారి ఎర్రనీళ్ళు అప్పుడే దిగేవండి, మా కళ్ళన్నీ ఏటి మీదే. పాట కూడా పాడించేవారు. ఇప్పటికీ వచ్చునండి."

"అర్థం?"

"అర్థం ఎవరు చెప్పారండీ! గట్టిగా పాడమనేవారు, గట్టిగా పాడేవాళ్ళం."

ఆ పాట 1792లో పరాయి సేనలు తమ దేశం మీదికి వస్తున్నవని ఫ్రెంచివారు కట్టుకొన్న యుద్ధగీతం. పరాయి దొర ఎదుట నిలబడి, పరాయివాని మీద కత్తి దూయమనే పాటను, అర్థం తెలియని తెలుగు పిల్లలు గొంతెత్తి పాడుతుంటే, పందిరి కింద కూర్చున్న పెద్దలలో ఒక్కరికైనా లోలోపల నవ్వు వచ్చి ఉండదా అని మేము అనుకొన్నాము. ఆయన చెప్పిన మరొక మాట: ఆ పండుగ తరచు ఆషాఢంలో వచ్చేదట. పెళ్ళివారు లేని నెల కావడంతో ఊరు కాస్త ఖాళీగా ఉండి, కవాతు చూడడానికి ఊరివారికి తీరిక దొరికేదట.

ఫ్రెంచి జెండా కింద యానాంలో చివరి జూలై 14 ఏది? 1953. ఆ రోజు మంగళవారం. అంటే సంత రోజు! చుట్టుపక్కల గ్రామాల వాళ్ళు బుట్టలతో బేరాలకు దిగే రోజున పండుగ వచ్చింది. 1789లో బాస్టిలు పడిన రోజు కూడ మంగళవారమే కావడం వింత. కాలచక్రానికి ఇటువంటి హాస్యాలు అలవాటే.

ఆ 1953 జూలై 14నాడే పారిసులో మరొకటి జరిగింది. కార్మిక సంఘాలవారు విప్లవ దినమని ఊరేగింపు చేశారు. అందులో తమకూ స్వాతంత్ర్యం కావాలని అల్జీరియావారు కూడ నడిచారు. ఊరేగింపు చివర పోలీసులు తుపాకులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. అందులో ఆరుగురు అల్జీరియావారు, ఒకరు ఫ్రెంచి కార్మికుడు. అదే రోజున, అదే పండుగకు, వలస రాజ్యం ఒక చివర మన పిల్లలకు మిఠాయి, మరొక చివర అల్జీరియావారికి గుండ్లు. ఆనాటి యానాం సంతలో ఈ కబురు ఎవరికీ తెలిసి ఉండదు.

మరుసటి ఏడు ఆ తేదీ వచ్చే వరకు యానాం ఆగలేదు. 1954 మే 7న వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ కోట పడిపోయింది, ఫ్రెంచి సైన్యం లొంగిపోయింది. ఇక్కడ మార్చి ఆఖరున పుదుచ్చేరి దగ్గర నెట్టపాక్కంలో మన జెండా ఎగిరింది. ఆ పనికి ముందు నిలిచిన దడాల రఫేల్ రమణయ్యగారు యానాం ఫరంపేటలో పుట్టిన మనిషి. ఆయన పూర్వం ఫ్రెంచి పోలీసు శాఖలోనే పనిచేసినవారు. అదే ఎర్రటోపీల కొలువన్నమాట. ఆయన సొంత ఊరికి వచ్చారు. 1954 జూన్ 13 ఆదివారంనాడు స్వచ్ఛంద సేవకులతో, మన పోలీసుల అండతో, యానాంను చేపట్టారు. ఫ్రెంచి జెండా దిగింది, భారత జెండా ఎక్కింది. ఊరంతా ఒక్కమాట మీద ఉన్నదనుకోరాదు. విలీనం కావాలన్నవారూ, వలదన్నవారూ రెండు పక్షాలుగా ఉన్నారు. ఎవరి కారణాలు వారివి. సంతతో, పెళ్ళిళ్ళతో బ్రతికిన ఊరికి సరిహద్దు పోవడమంటే వ్యాపారం పోవడం కూడ.

జూన్ 13కూ జూలై 14కూ మధ్య ఒక నెల, ఒక రోజు. ఆ ఏడు యానాంలో జూలై 14కు జెండా ఎత్తే దొర లేడు. మాహేలో జూలై 16న ఫ్రెంచివారు ఊరు వదలిపోయారు.  విప్లవాన్ని పండుగగా చేసుకోవడం మానిన నెలలోనే యానాంవారు దానిని పనిగా చేసి చూపారని మా మనసుకు తోచింది. బాస్టిలు పట్టుకొన్న పారిసువారు కూడ ఎవరి కవాతు కోసమూ ఆగలేదు గదా.

అక్టోబరులో కీళూరు గ్రామంలో 178 మంది ప్రతినిధులు సమావేశమై, 170 మంది విలీనానికి ఓటువేశారు. నవంబరు 1న అప్పగింత. మేము ఆ రోజునే యానాం వెళ్ళడానికి కారణం ఇదే. ఏటి కవతల ఎదుర్లంకలోని వారికి కూడ అది గుర్తున్న తేదీయే. రెండేళ్ళ తరువాత, 1956లో, అదే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అయితే ఆ 1954 నవంబరు 1 మరొకచోట మరొక ముఖంతో వచ్చింది. సరిగా ఆ రోజునే అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలయింది. ఇండియాలో చేతులు కలిపి పోయిన దొరతనమే అక్కడ ఎనిమిదేళ్ళు నెత్తురు పారించింది. మన అప్పగింత పత్రం 1956 మే 28న సంతకమైనా, అల్జీరియా తగవు తేలే వరకు ఫ్రెంచి పార్లమెంటు దానిని ఆమోదించలేదు. 1962 జూలైలో అల్జీరియా స్వతంత్రమయింది. ఆగస్టు 16న యానాం చట్టరీత్యా మనదయింది. గోదావరి ఒడ్డునున్న ఒక చిన్న ఊరి దస్తావేజు మధ్యధరా సముద్రం అవతలి తగవులో చిక్కుకొని ఆరేళ్ళు బీరువాలో ఉండిపోయిందంటే ఈ ప్రపంచం ఎంత దగ్గర ముడులతో ఉన్నదో చూడండి.

విప్లవానికి కవాతు చేసే దేశమనగానే మన తరంవారికి ఫ్రాన్సుకన్న ముందు జ్ఞాపకం వచ్చేది రష్యా. మన ఇళ్ళలోకి 'సోవియట్ భూమి' పత్రిక వస్తుండేది. చదివినవారు కొందరు, ఆ నున్నని కాగితంతో పుస్తకాలకు అట్టలు వేసుకొన్నవారు అందరూ. అందులో నవంబరు 7 కవాతు బొమ్మలు చూడనివారు లేరు. మాస్కో ఎర్రమైదానం, లెనిన్ సమాధి మీద వరుసగా నిలబడ్డ నాయకులు, కింద టాంకులూ రాకెట్లూ. 1941లో జర్మనులు నగరం గుమ్మం దాకా వచ్చినప్పుడు ఆ కవాతు చేసిన దళాలు మైదానం నుండి తిన్నగా యుద్ధానికే నడిచాయి. ఆ సోవియట్ కవాతు చివరిసారి 1990 నవంబరు 7న జరిగింది. మరుసటి సంవత్సరం ఆ రోజున ఎర్రమైదానంలో కవాతు లేదు. ఇంకొక నెలన్నరకు ఆ రాజ్యమే లేదు. చివరి కవాతు చేసేవారికి అది చివరిదని తెలియదు. 1953లో యానాంలో కాగితపు జెండాలు పంచినవారికి కూడ తెలియదు.

అయితే ఒక భేదం ఉన్నది. మాస్కోలో రాజ్యం పోయి పండుగ పోయింది. ఇక్కడ దొరతనం పోయినా పండుగ పూర్తిగా పోలేదు, మనిషిని పట్టుకొని మిగిలింది. 1962 తరువాత కోరుకొన్నవారికి ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకొనే వీలు ఇచ్చారు. కొన్ని వేలమంది నిలుపుకొన్నారు. వారిలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను పుచ్చుకొన్నవారు చాలమంది. పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున 1938లో కట్టిన యుద్ధస్మారకం ఉన్నది. నేటికీ జూలై 14న అక్కడ ఆ ముసలి సైనికులు పతకాలు ధరించి వస్తారు, పూలగుచ్ఛాలు ఉంచుతారు, రెండు దేశాల గీతాలూ వాయిస్తారు. ముందు రాత్రి కాగితపు దీపాలతో ఊరేగింపు. మాకు ఆ దృశ్యం మీద రెండు అభిప్రాయాలు ఉన్నవి. మాలో మేము దారంతా వాదించుకొన్నాము. స్వతంత్ర దేశంలో పాత దొరల పండుగ ఎందుకని ఒకరు. యుద్ధంలో చచ్చినవాడు ఏ జెండా కింద చచ్చినా, వాని పేరు మన వీధిలోని రాతి మీద ఉన్నప్పుడు పూలు పెట్టకుండా ఎట్లా అని మరొకరు. ఈ రెండవ మాటవైపే మా మొగ్గు.

ఆ వృద్ధునికి వరుసకు తమ్ముడు అయ్యే ఒకాయన అట్లా ఫ్రాన్సు వెళ్ళి స్థిరపడ్డారట. జూలై 14కు అక్కడి నుండి టెలిఫోను తప్పక వస్తుందట. 2009లో వచ్చిన ఫోను మాత్రం మరువలేనిదన్నారు. టెలివిజను పెట్టమని కేకలట. పారిసులో షాంజెలిజే వీధిలో కవాతు మొదలవుతున్నది; అందరికన్న ముందు నడుస్తున్నది భారత సైనికులు. మరాఠా పదాతి దళం మొదలైన మన దళాల నుండి నాలుగువందల మంది. మన ప్రధాని మన్మోహన్ సింగుగారు అతిథిగా వేదిక మీద కూర్చున్నారు. 2023లో మళ్ళీ మన మూడు దళాలవారు 269 మంది నడిచారు, పంజాబు రెజిమెంటుతో సహా. ప్రధాని నరేంద్ర మోదీగారు అతిథి. పారిసు జూలై 14న భారత సైనికులు నడవడం అది మొదటిసారి కాదు. 1916లో కూడ నడిచారు. అప్పుడు ఇంగ్లీషు జెండా కింద నడిచారు. దారిలో ఒక ఫ్రెంచి వనిత ఒక సిక్కు సైనికుని చొక్కాకు పువ్వు గుచ్చుతున్న ఫొటో ఇప్పటికీ పుస్తకాలలో కనబడుతుంది.

"మీరు చూచారా తాతగారూ, ఆ టెలివిజను కవాతు?"

"చూశానండి. మనోళ్ళు బాగా నడిచారు. ఆ పాటే వాయించారు, చిన్నప్పుడు మా చేత పాడించినదే. నేను కూడా పాడేశాను. మా మనవడు నవ్వాడు."

"ఇప్పుడైనా అర్థం తెలిసిందా?"

"మనవడు ఆ ఫోనులో చూసి చెప్పాడండి." ఆయన కర్ర తీసుకొని లేచారు. "మీరు ఫ్రాన్సుతిప్ప చూశారా? మా ఊళ్ళోనే ఉందండి, ఫ్రాన్సు. ఆటో ఎక్కితే దింపేస్తాడు."

నిజమే. ఏటి పాయల నడుమ ఆ పేరుతో ఒక పల్లె ఉన్నది. బేరమాడి ఆటో ఎక్కాము.